అనాథాశ్రమానికి వాలంటీర్‌గా మళ్ళీ వెళ్తున్నారా? టికెట్ కొనేముందు చేయాల్సిన పనులు

రెండోసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర నన్ను ముందుగా గుర్తుపట్టింది ఒక తొమ్మిదేళ్ళ పిల్ల. పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటుందని ఏడాదిన్నరగా ఊహించుకుంటూ ఉన్నాను. తను మాత్రం రెండడుగుల దూరంలో ఆగి, నా బ్యాగు ఎంతుందో ఒకసారి చూసి, "ఈసారి ఎన్ని రోజులు?" అని అడిగింది. ఆరు వారాలు అన్నాను. వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుంది, సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

విదేశంలో అనాథాశ్రమంలో పనిచేసి వచ్చినవాళ్ళకు తెలుసు, తిరిగొచ్చాక కొన్నాళ్ళు మనసు మన దగ్గర ఉండదు. ఫోన్‌లో ఆ ఫొటోలే తిరగేస్తూ కూర్చుంటాం, ఎప్పుడెప్పుడు మళ్ళీ వెళ్దామా అని ఉంటుంది. నాకూ అలాగే ఉండేది, అందుకే ఇది మళ్ళీ వెళ్ళాలనుకునేవాళ్ళ కోసమే రాస్తున్నాను. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సలహాలిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండోసారి గురించి పెద్దగా ఎవరూ చెప్పరు, నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అప్పుడే, ఎందుకంటే ఇప్పుడు ఆ పిల్లలకు మీరు తెలుసు, ఒకసారి మీరు వెళ్ళిపోవడం కూడా వాళ్ళు చూశారు.

మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది మీకు వాళ్ళ మీద ఉన్న బెంగను బట్టి తేల్చుకోకండి. అక్కడ పిల్లల్ని రోజూ చూసుకునేవాళ్ళకు మీతో ఏమైనా పని ఉందా, అది చూడండి. నేను కింద రాసేవన్నీ దీని కోసమే.

ముందు అడగండి

మనలో చాలామంది సెలవు దొరకగానే టికెట్ బుక్ చేసేసి, ఆ తర్వాత "ఫలానా తేదీన వస్తున్నా" అని మెసేజ్ పెడతాం. దానికి ఏ హోమ్ అయినా "రండి, చాలా సంతోషం" అనే రాస్తుంది. మీరు విరాళం ఇచ్చే మనిషి, ఇచ్చేవాళ్ళను ఇంకో నలుగురిని తీసుకురాగల మనిషి, మీకు వద్దని చెప్పడం వాళ్ళకు ఎంత కష్టమో ఆలోచించండి. కాబట్టి వద్దని చెప్పడం వాళ్ళకు తేలికయ్యేలా అడగాలి. నేను ఇప్పుడు రాసే మెయిల్ ఇలా ఉంటుంది:

"వచ్చే ఏడాది నాకు రెండు నెలలు ఖాళీ ఉంది. ఇంకా టికెట్ కొనలేదు. పిల్లలతో కాకుండా మీ సిబ్బందికి సాయంగా చేయగల పని ఏమైనా ఉంటే చెప్పండి. అలాంటి పని లేకపోయినా, ఈ ఏడాది ఎవరూ రాకపోవడమే మంచిదని మీకు అనిపించినా మొహమాటపడకండి. విమానం ఖర్చు నేను పక్కన పెట్టుకున్నాను, నా రాక కంటే ఆ డబ్బు ఎక్కువ ఉపయోగపడుతుందంటే అదే పంపుతాను. నేను రాకపోయినా మీకు పంపేది తగ్గదు."

చివరి వాక్యం తప్పకుండా రాయండి. అది లేకపోతే మిగతాదంతా చదివి కూడా వాళ్ళు "రండి" అనే అంటారు.

జవాబు ఎలా వచ్చిందన్నది కూడా చూసుకోవాలి. "మా అకౌంట్స్ రిజిస్టర్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, మా టీచర్‌కు ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ కావాలి, ఫిబ్రవరిలో రండి, పరీక్షలప్పుడు వద్దు" అని ఇంత వివరంగా రాస్తే నిజంగా ఆలోచించి రాశారని అర్థం. "పిల్లలు మీ కోసం ఏడుస్తున్నారు, రోజూ మీ పేరే తలుస్తున్నారు" అని రాస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. నిజమే అయినా అది మిమ్మల్ని పిలవడానికి వాడాల్సిన మాట కాదు. ఎప్పుడైనా రండి, ఎన్నాళ్ళైనా ఉండండి అన్నారంటే అక్కడ వచ్చేపోయేవాళ్ళ మీద లెక్కాపత్రం లేదన్నమాట.

హోమ్ గురించి మళ్ళీ విచారించండి

మొదటిసారి మనకు ఏమీ కనిపించదు. పిల్లలు ఒళ్ళో వాలిపోతుంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గురించి ఎవరు అడుగుతారు? ఇప్పుడు అడగాలి.

ముందుగా ఒక విషయం. అనాథాశ్రమం అనే మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో పెరుగుతున్న పిల్లలు 50 లక్షలకు పైనే ఉంటారని 2020లో లాన్సెట్ వాళ్ళ పిల్లల ఆరోగ్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వీళ్ళలో అయిదుగురిలో నలుగురికి తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది. మరి ఎందుకొచ్చారంటే పేదరికం, చదువు, అంగవైకల్యం, ఇంట్లో జబ్బు, కొన్నిచోట్ల "మీ పిల్లను బాగా చదివిస్తాం" అని ఊళ్ళో తిరిగే దళారులు. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని కుటుంబం నుంచి విడదీయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

ఇందులో మన పాత్ర కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగి 269కి చేరింది. ఆ అయిదేళ్ళలో అంతమంది పిల్లలు కొత్తగా అనాథలు కాలేదు, పెరిగింది టూరిస్టులు. నేపాల్‌లో బాలగృహాలు ఎక్కువగా ఉన్నది మారుమూల పేద జిల్లాల్లో కాదు, కాఠ్‌మాండూ, పొఖరా లాంటి విదేశీయులు తిరిగే చోట్ల. పిల్లలు మాత్రం కొండల అవతలి ఊళ్ళ నుంచి వస్తారు. వాలంటీర్లు, విరాళాలు వస్తున్నాయి కాబట్టి పిల్లల్ని తెచ్చి నింపే హోమ్‌లు పుట్టాయి. ఇలా డబ్బు కోసం పిల్లల్ని తెచ్చి హోమ్‌లలో పెట్టడాన్ని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఆ కోవలోకే చేర్చింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం పిల్లల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో వాలంటీరింగ్, టూరిజం వల్ల జరిగే హాని గురించి ప్రస్తావించింది.

అందరూ ఇలాంటివాళ్ళేనని నేను అనను. రాత్రిళ్ళు నిద్ర మానుకుని పిల్లల్ని చూసుకునేవాళ్ళను నేను దగ్గరగా చూశాను. కానీ మీరు వెళ్ళిన హోమ్ ఏ రకమో తెలుసుకోవాల్సిన బాధ్యత మీదే. హోమ్ నడిపేవాళ్ళను నేరుగా అడగండి: ఎంతమంది పిల్లలకు బతికున్న తల్లిదండ్రులు, బంధువులు ఉన్నారు? గత ఏడాది ఎంతమంది ఇళ్ళకు తిరిగి వెళ్ళారు? ప్రతి పిల్లకూ ఫైలు ఉందా, సోషల్ వర్కర్ ఉన్నారా? ఇంటివాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూడొచ్చా? ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా? మంచి హోమ్ నడిపేవాళ్ళకు ఈ ప్రశ్నలు ఇష్టం, గంటసేపు చెబుతారు. పిల్లల పేర్లు, వాళ్ళ కుటుంబ వివరాలు మాత్రం మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా, అడగాల్సింది లెక్కలే.

మీ మొదటి ప్రయాణంలో చూసినవి కూడా ఒకసారి తలచుకోండి. సందర్శకులు వస్తే పిల్లలతో పాటలు పాడించి డాన్సులు చేయించేవాళ్ళా? బడి మాన్పించి మరీ మీ దగ్గర కూర్చోబెట్టారా? మీ పోలీస్ రికార్డు ఎవరైనా అడిగారా, లేక పాస్‌పోర్టు కాపీ తీసుకుని నేరుగా పిల్లల గదిలోకి పంపేశారా? మీరు తెచ్చిన బట్టలు వారం తర్వాత పిల్లల ఒంటి మీద కనిపించాయా? నన్ను మొదటిసారి ఏ కాగితమూ అడగలేదు. అప్పుడు ఎంత ఆప్యాయంగా ఉన్నారో అనుకున్నాను. నన్ను అడగలేదంటే నా తర్వాత వచ్చినవాళ్ళనూ అడగలేదని చాలా ఆలస్యంగా తట్టింది, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అనుమానం గట్టిగా ఉంటే వెళ్ళకండి, డబ్బు ఆపండి, మీరు చూసింది తేదీలతో సహా రాసి ఆ దేశపు బాలల సంరక్షణ శాఖకు, లేదా అక్కడి యూనిసెఫ్ కార్యాలయానికి పంపండి. సోషల్ మీడియాలో పెట్టి రచ్చ చేయకండి, రాత్రికి రాత్రి పిల్లల్ని ఇంకో చోటికి మార్చేస్తే ఎవరూ పట్టుకోలేరు.

పిల్లలు ఒళ్ళో ఎందుకు వాలతారు

ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మూడేళ్ళ పిల్ల ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి ఒక్క నిమిషంలో వచ్చి చేయి పట్టుకుంటే మనం "ఎంత ప్రేమో" అంటాం. ఇంట్లో పెరిగే మూడేళ్ళ పిల్ల అలా చేయదు, అమ్మ చీర కొంగు చాటుకో, నాన్న కాళ్ళ వెనక్కో పోయి తొంగిచూస్తుంది. కొత్తవాళ్ళ దగ్గర ఆ బెరుకు ఉండడమే ఆరోగ్యం. తనదంటూ ఒక మనిషి లేని పిల్లకు అందరూ ఒకటే, ఎవరు వస్తే వాళ్ళ దగ్గరికి పోతుంది.

రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఒక అధ్యయనం దీని మీద చాలా విషయాలు చెప్పింది. సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగంమందిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాలకు, అంటే వేరేవాళ్ళ పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని పెంచేవాళ్ళ దగ్గరికి పంపి, ఏళ్ళ తరబడి అందరినీ గమనించారు. కుటుంబాలకు వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధం ఏర్పరచుకోవడంలోనూ ముందున్నారు, అందులోనూ సుమారు రెండేళ్ళలోపే వెళ్ళినవాళ్ళు ఇంకా బాగా కోలుకున్నారు. పిల్లలకు కావాల్సింది వందమంది ముద్దు చేయడం కంటే ఒకరిద్దరు ఎప్పటికీ ఉండడం. వాలంటీర్ ఎంత మంచివాడైనా ఆ వందమందిలో ఒకడే.

నా రెండో ప్రయాణంలో నాలుగో రోజు అనుకుంటా, పిల్లల్ని చూసుకునే పెద్దావిడతో కలిసి దుప్పట్లు మడత పెడుతున్నాను. ఆవిడ ఆ కొసా నేను ఈ కొసా పట్టుకుని, దగ్గరికి రావడం, మళ్ళీ దూరం జరగడం. ఉన్నట్టుండి ఆవిడ, "పోయినసారి నువ్వు వెళ్ళాక ఆ చిన్నోడు పది రోజులు పక్క తడిపాడు" అంది. కోపంగా అనలేదు, సమాచారం చెప్పినట్టు చెప్పింది. దుప్పటి అంచు సరిచేసి నా చేతిలో పెట్టి ఇంకోటి తీసింది. ఆ పది రోజులూ తెల్లవారుజామున లేచి ఆ పక్కబట్టలు ఉతికింది ఆవిడే. నేను అప్పుడు ఇంట్లో కూర్చుని వాడితో దిగిన ఫొటోలు స్నేహితులకు చూపిస్తూ ఉన్నాను.

ఎప్పుడు వెళ్ళాలి, పిల్లలకు ఎప్పుడు చెప్పాలి

మీకు సెలవు దొరికే రోజులూ, వాళ్ళకు సాయం అవసరమయ్యే రోజులూ ఒకటి కావు. సెలవుల సీజన్‌లో వాలంటీర్లు కుప్పలుగా వస్తారు, మిగతా నెలల్లో నరపురుగు కూడా కనిపించదు. ఆ ఖాళీ నెలల్లో వెళ్ళగలిగితే మేలు. ఎన్ని రోజులు అనేది పనిని బట్టి నిర్ణయించుకోండి. టీచర్‌కు ట్రైనింగ్ ఇచ్చే పని అయితే కొన్ని నెలలు పడుతుంది, బాత్రూమ్ పైపులు బాగుచేయించే పనైతే రెండు వారాల్లో అయిపోతుంది, పని అయ్యాక ఊరికే ఉండిపోవద్దు.

వీసా, టికెట్ రెండూ చేతికొచ్చేదాకా పిల్లలకు మీ రాక గురించి తెలియనివ్వొద్దని హోమ్‌వాళ్ళకు గట్టిగా చెప్పండి. "వచ్చే వేసవిలో వస్తానేమో" అనే మాట మనకు మామూలు కబురు, పిల్లలకు అది మాట ఇవ్వడం. నా ప్రయాణం ఒకసారి వీసా దగ్గర ఆగిపోయింది. అదృష్టం ఏమిటంటే అప్పటికి పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

కాగితాల పని

చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద వాలంటీర్ పని చేయకూడదు, జీతం తీసుకోకపోయినా సరే. పోయినసారి ఏమీ కాలేదు కదా అని మళ్ళీ అలాగే వెళ్ళకండి, పట్టుబడితే మీకంటే హోమ్‌కు ఎక్కువ ఇబ్బంది. ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసి సరైన వీసాకే అప్లై చేయండి. రూల్స్ మారుతుంటాయి, బాలగృహాల మీద ప్రభుత్వాల విధానాలే మారుతున్నాయి. కెన్యా 2017లో కొత్త బాలగృహాల రిజిస్ట్రేషన్లనే ఆపేసింది.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ వాళ్ళు అడగకపోయినా తీసుకెళ్ళి ఇవ్వండి, అందరి దగ్గరా తీసుకోమని కూడా చెప్పండి. మీ గురించి చెప్పగల ఇద్దరి వివరాలు, వీలైతే పిల్లలతో మీ పని చూసినవాళ్ళవి, ఇవ్వండి. హోమ్‌కు చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీ (పిల్లల భద్రత కోసం అందరూ పాటించాల్సిన నియమాల కాగితం) ఉంటే చదివి సంతకం పెట్టండి, లేకపోతే అది రాసిపెట్టడంలో సాయం చేయడమే మీ మొదటి పని కావచ్చు.

టీకాల విషయం ప్రయాణానికి ఆరేడు వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. తట్టు, హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ గురించి అడగండి, టీబీ పరీక్ష కూడా చేయించుకోండి, ఇది మీ కోసం కంటే ఒకే గదిలో పడుకునే ఆ పిల్లల కోసం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశమైతే టీకా వేయించుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పోయినసారి పసుపు కార్డు ఎక్కడ పెట్టారో వెతకండి. జలుబు, దగ్గు ఉంటే ఒక రెండు మూడు రోజులు ఆగి వెళ్ళండి. హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

బస మాత్రం హోమ్ బయట చూసుకోండి. లోపల ఒక గది ఇస్తాం అన్నా వద్దనండి. అది పిల్లల ఇల్లు, రాత్రి పూట బాత్రూమ్‌కు లేచిన పిల్లకు వరండాలో కొత్త మనిషి ఎదురుపడకూడదు.

ఏ పని చేయాలి

పిల్లలకు నేరుగా మనం చేసే ప్రతి పనీ, మనం వెళ్ళగానే ఆగిపోతుంది. సిబ్బందికి చేసే పని మిగులుతుంది. మొదటిసారి నేను పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను, రంగుల పేర్లు, జంతువుల పేర్లు. తర్వాత తెలిసింది, నా ముందు వచ్చినవాళ్ళూ అవే చెప్పారు, నా తర్వాత వచ్చినవాళ్ళూ అవే. ఆ పిల్లలు రంగుల పేర్లు ఏడెనిమిదిసార్లు కొత్తగా నేర్చుకున్నట్టు నటించారు, పాపం మనల్ని నొప్పించకూడదని.

రెండోసారి అక్కడి టీచర్‌తోనే కూర్చున్నాను. పొద్దున పిల్లలు బడికి వెళ్ళాక రెండు గంటలు. ఆమెకు వ్యాకరణం నాకంటే బాగా వచ్చు, మాట్లాడడానికే జంకు. ఆరు వారాలు రోజూ మాట్లాడుకున్నాం, అంతే. మధ్యాహ్నాలు మందుల రిజిస్టర్ రాయడం, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం, దాతలకు పంపే రిపోర్టులు టైప్ చేయడం. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి రోజూ చూసుకునే ఆడవాళ్ళకు వంట, ఉతుకుడు పని తగ్గితే వాళ్ళే పిల్లల దగ్గర కూర్చుంటారు, హోంవర్కు చేయిస్తారు, తలలు దువ్వుతారు. ఆ పిల్లలకు మీరు చేయగల అతిపెద్ద సాయం ఇదే, కాబట్టి గిన్నెలు మీరు కడగండి.

మీకు నర్సింగ్, ఫిజియోథెరపీ, ప్లంబింగ్, కౌన్సెలింగ్ లాంటి పని నిజంగా వచ్చి ఉంటే అది అక్కడివాళ్ళకు నేర్పండి. రాని పని మాత్రం అక్కడికెళ్ళి చేయొద్దు. మీ దేశంలో మిమ్మల్ని చేయనివ్వని పనిని ఇంకో దేశపు పిల్లల మీద చేయకూడదు.

ఆ మొదటి రోజు

వెళ్ళగానే అందరికీ ఒకేసారి చెప్పండి, ఎన్ని రోజులు ఉంటారో, ఏ పని మీద వచ్చారో. గోడ మీద క్యాలెండర్ ఉంటే మీరు వెళ్ళిపోయే తేదీ చుట్టూ సున్నా చుట్టండి. క్రూరంగా అనిపిస్తుంది, కానీ గేటు దగ్గర ఆ పిల్ల అడిగింది అదే కదా, తనకు తెలియాల్సింది అదే.

పోయినసారి మీ వెనకే తిరిగిన పిల్లవాడు ఈసారి మీ మొహం చూడకపోవచ్చు. బతిమాలొద్దు, చాక్లెట్ చూపించి పిలవొద్దు. వాడికి మీ మీద కోపం ఉండే హక్కు ఉంది. మీరు మీ పని చేసుకుంటూ ఉండండి, వాడికి రావాలనిపిస్తే వస్తాడు. పక్క తడిపిన ఆ చిన్నోడు మూడు వారాలు నా దగ్గరికి రాలేదు, ఆ పెద్దావిడ కొంగు పట్టుకునే తిరిగాడు. మొదట్లో గుండె కలుక్కుమంది, తర్వాత తెలిసింది, ఈ ఏడాదిన్నరలో వాడు ఆవిడకు బాగా దగ్గరయ్యాడని. అది చూసి నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

కొందరు పిల్లలు అసలు కనిపించరు. మిగతా పిల్లల్ని అడగకండి, ఆ పిల్ల ఎందుకు వెళ్ళిందో వాళ్ళకు నొప్పి కలిగించే విషయం కావచ్చు. హోమ్ నడిపేవాళ్ళను ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. మేనమామ ఇంటికి వెళ్ళిపోయిందని చెబితే సంతోషించండి, చూడలేకపోయానే అన్న బాధ ఉన్నా సరే. అడ్రస్ అడిగి వెతుక్కుంటూ వెళ్ళకండి.

ఫొటోలు, బహుమతులు, డబ్బు

పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు నెట్‌లో పెట్టొద్దు, పోయినసారి పెట్టినవి ఉంటే తీసేయండి. "అనాథ" అనే మాట పక్కన తన మొహం ఉన్న ఫొటో ఆ పిల్లకు ఇరవై ఏళ్ళప్పుడు ఎదురైతే ఎలా ఉంటుంది? జ్ఞాపకం కోసం కావాలంటే ప్రింట్లు తీసి పిల్లలకే ఇవ్వండి. నేను ఈసారి తీసుకెళ్ళిన వాటిలో వాళ్ళు అన్నిటికంటే ఇష్టపడింది ఆ ప్రింట్లనే, హోమ్‌లో పెరిగే చాలామందికి చిన్నప్పటి ఫొటో ఒక్కటి కూడా ఉండదు.

బహుమతులు ఒక పిల్లకు ఇచ్చి ఇంకో పిల్లకు ఇవ్వకపోవడం అన్నిటికంటే చెడ్డ పని. ఏం కావాలో అడిగి, అందరికీ పనికొచ్చేది తీసుకుని, సిబ్బంది చేతుల మీదుగానే ఇప్పించండి. ఇచ్చేది మంచి వస్తువైతే ఆ గౌరవం అక్కడే ఉండేవాళ్ళకు దక్కాలి. డబ్బు హోమ్ అకౌంట్‌కే, రసీదుతో. పిల్లల చేతికి డబ్బు, మీ పర్సనల్ ఫోన్ నంబర్ ఇవ్వొద్దు, ఉత్తరాలు రాయాలంటే హోమ్ ద్వారానే. పెద్ద పిల్లలు సోషల్ మీడియాలో ఫ్రెండ్ రిక్వెస్ట్ పెడతారు, ఆ విషయంలో హోమ్ పాలసీ ఏదో అదే పాటించండి. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండొద్దు, తలుపు తెరిచి ఉండాలి, ఇది మీ మీద అనుమానంతో కాదు, రేపు ఇంకెవరైనా తలుపు మూస్తే అది తప్పని పిల్లలకు తెలియడానికి.

తిరిగి వచ్చేటప్పుడు

చెప్పకుండా తెల్లవారుజామున జారుకోవద్దు. ఏడుస్తారని భయపడి నేను మొదటిసారి అదే చేశాను, అంతకంటే పెద్ద తప్పు నేను అక్కడ ఇంకోటి చేయలేదు. వారం ముందు నుంచీ గుర్తు చేస్తూ ఉండండి. చివరి రోజు పార్టీలు వద్దు, మామూలు రోజులాగే గడిపి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వాళ్ళ గురించి మీకు గుర్తుండిపోయే విషయం ఒకటి చెప్పండి, "నువ్వు బొమ్మ గీసేటప్పుడు నాలుక బయటపెడతావు" లాంటిది. "మళ్ళీ వస్తా" అనొద్దు. "మళ్ళీ వస్తానో లేదో నాకు తెలియదు, ఉత్తరం మాత్రం రాస్తాను" అనండి, రాస్తానన్నాక రాయండి, నెలకొకటి కుదరకపోతే ఏడాదికి రెండు, కానీ మానొద్దు.

బయటికొచ్చే పెద్ద పిల్లల గురించి కూడా హోమ్‌వాళ్ళతో మాట్లాడి రండి. పద్దెనిమిదేళ్ళు నిండగానే హోమ్ నుంచి వెళ్ళిపోవాల్సినవాళ్ళకు అద్దె అడ్వాన్సు, గుర్తింపు కార్డులు, మొదటి ఉద్యోగం, జ్వరమొస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి కావాలి. చిన్నపిల్లల కోసం వచ్చేవాళ్ళు చాలామంది, వీళ్ళ కోసం వచ్చేవాళ్ళు లేరు. ఆ పెద్ద పిల్లల ఖర్చులకు హోమ్ ద్వారా చేసే సాయం ఏడాదంతా దూరం నుంచే చేయొచ్చు.

మూడోసారి వెళ్దామనుకుని పైన చెప్పిన మెయిలే రాశాను. పదిహేను రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఇరవై ఆరు మంది పిల్లల్లో ఇప్పుడు పదకొండు మందే ఉన్నారు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోయారు, వాలంటీర్లకు ఇప్పుడు పనేమీ లేదు, కానీ ఇళ్ళకు వెళ్ళిన పిల్లల్ని నెలనెలా చూసిరావడానికి సోషల్ వర్కర్‌కు దారి ఖర్చులు చాలడం లేదు అని రాశారు. టికెట్ డబ్బు అటు పంపాను. నెల తిరిగేసరికి ఖర్చుల కాగితం స్కాన్ చేసి పంపారు, పదిహేను వరుసలు, ఒక్కో వరుసలో తేదీ, బస్సు, అక్కడి నుంచి పడవ, అక్కడి నుంచి నడక. పిల్లల పేర్లు లేవు, వయసులే ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇప్పుడు పదకొండు దాటి ఉంటుంది, పదకొండు అని రాసిన వరుసలు మూడు ఉన్నాయి, వాటిలో తనది ఏదో నేను అడగలేదు.